గుండె నడిచిన దారి: ఒక చిన్న చేప పిండం చెప్పే పాఠం



వేగావతి ఒడ్డున ఉన్న ఈ సాలూరు పట్టణంలో తరాల పిల్లలకు జంతుశాస్త్రం బోధించిన కీర్తిశేషులైన మాస్టారి పేరిట మాట్లాడే అవకాశం నాకు దక్కింది. ఉపాధ్యాయుణ్ణి స్మరించుకోవడానికి పొగడ్త కంటే పాఠం చెప్పడమే తగిన పద్ధతి అని నా నమ్మకం. అందుచేత ఈ సాయంత్రం పిండోత్పత్తి శాస్త్రం నుంచి ఒక పాఠం తీసుకున్నాను. అంగుళన్నర పొడవుండే జీబ్రాచేప పిండంలో గుండె కణాలు ఒక చోటి నుంచి మరో చోటికి ఎలా చేరతాయన్నది ఆ పాఠం.

విషయం చిన్నదే. దాని మీద నేను నిలబెట్టదలచిన ప్రతిపాదన మాత్రం పెద్దది. గుండె తాను కొట్టుకునే చోట పుట్టదు. శరీరానికి రెండు పక్కలా విడివిడిగా మొదలై, దారి నడిచి, మధ్యలో కలిసి ఒక్కటవుతుంది. ఆ నడక సాగడానికి నడిచే కణాల శక్తి ఒక్కటే చాలదు. వాటి కింది నేల సిద్ధంగా ఉండాలి, చుట్టూ ఉన్న కణజాలాలు సాయపడాలి, ఎటు వెళ్ళాలో చెప్పే సంకేతం అందాలి. వీటిలో ఏది తప్పినా గుండె కలవదు. అలాంటప్పుడు లోపం గుండె కణాల్లోనే ఉందనుకోవడం చాలాసార్లు పొరపాటు. ఈ మాట చేపకు సంబంధించి ప్రయోగాలు నిరూపించిన సత్యం. మనుషులకు సంబంధించి, ముఖ్యంగా గుండెలోపంతో పుట్టిన పసిబిడ్డలకు సంబంధించి, మనం నేర్చుకోవలసిన వివేకం కూడా ఇందులోనే ఉందని నా వాదన.

గుడ్డులో ఎగిరిపడే చుక్క

ఈ ప్రశ్న వయసు రెండువేల మూడువందల ఏళ్ళకు పైమాటే. అరిస్టాటిల్ పొదిగే కోడిగుడ్లను వరసగా పగలగొట్టి చూశాడు. మూడు రోజులు గడిచాక సొనలో ఒక ఎర్రటి చుక్క ప్రాణం ఉన్నట్టు ఎగిరెగిరి పడుతోందని రాసిపెట్టాడు. అన్నిటికంటే ముందు ఏర్పడే అవయవం గుండే అని తీర్మానించాడు. 1628లో రక్తప్రసరణను లోకానికి చాటిన విలియం హార్వే, 1651లో జంతువుల పుట్టుక మీద రాసిన గ్రంథంలో మళ్ళీ ఆ చుక్క దగ్గరే ఆగాడు. గుండె కంటే రక్తమే ముందన్నది ఆయన అభిప్రాయం. ఇద్దరూ చూసింది ఒకే చుక్కను. అది అక్కడికి ఎలా వచ్చిందన్న ప్రశ్న మాత్రం అప్పటికి ఎవరి చేతికీ అందలేదు.

గుడ్డులో జీవి చిన్న బొమ్మగా ముందే సిద్ధంగా ఉంటుందని, పెరగడమంటే ఆ బొమ్మ పెద్దదవడమేనని చాలాకాలం నమ్మారు. 1759లో కాస్పర్ ఫ్రెడరిక్ వోల్ఫ్ కోడిపిండాన్ని గమనించి ఆ నమ్మకాన్ని కాదన్నాడు. అవయవాలు లేని స్థితి నుంచి క్రమంగా ఏర్పడతాయని చెప్పాడు. తర్వాతి శతాబ్దంలో మైక్రోస్కోపులు మెరుగుపడి, పిండాన్ని పల్చటి పొరలుగా కోసి చూసే పద్ధతి వచ్చాక, వెన్నెముక గల జంతువుల్లో గుండె జోడు మొగ్గలుగా మొదలవుతుందని స్పష్టమైంది.

మొగ్గలు రెండైతే అవి కలవకుండా ఆపితే ఏమవుతుంది? 1959లో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ డిహాన్ కోడిపిండంలో ఈ ప్రయోగాన్ని విపులంగా చేశాడు. పిండం నడిమి భాగంలో సన్నని కోత పెట్టి రెండు పక్కల కణాలు కలవకుండా చేశాడు. రెండు పక్కలా రెండు గుండెలు ఏర్పడ్డాయి. రెండూ కొట్టుకున్నాయి. అంటే గుండె కణానికి కొట్టుకోవడం తెలుసు. పక్కవాటితో కలిసి ఒక్క గుండె కావడానికి మాత్రం దాని తెలివి ఒక్కటే చాలదు. నేటి నా ప్రతిపాదనకు తొలి ఆధారం ఈ ప్రయోగమే.

కోడిపిండం ఇంతవరకు తీసుకొచ్చి ఆగిపోయింది. కోత పెడితే ఏం జరుగుతుందో అది చూపగలదు. ఏ కోతా లేకుండా ఏ జన్యువు, ఏ పదార్థం ఆ ప్రయాణాన్ని నడుపుతోందో తెలియాలంటే మరో జంతువు కావలసి వచ్చింది.

మన నదుల చేప

ఆ జంతువు మన దేశపు నీళ్ళలోనే ఉంది. ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగ, దాని ఉపనదుల చేపల గురించి 1822లో ప్రచురించిన గ్రంథంలో ఈ చేపను తొలిసారి శాస్త్రీయంగా వర్ణించాడు. ఆయనకు దొరికిన నమూనా కోసీ నదిది. ఒంటి పొడవునా నీలిరంగు చారలతో, పొలాల కాలువల్లో, మెల్లగా పారే వాగుల్లో, నిలిచిన నీళ్ళలో బతికే చిన్న చేప ఇది. దీని ప్రధాన నివాసం గంగా బ్రహ్మపుత్రల పరీవాహకమైనా, గోదావరి, పెన్న, మహానది పరీవాహకాల నుంచి కూడా పూర్వం నమూనాలు సేకరించిన దాఖలాలున్నాయి.

అలంకారం కోసం గాజుతొట్టెల్లో పెంచే చేపగా ఇది ప్రపంచమంతా తిరిగింది. దాన్ని ప్రయోగశాలకు తెచ్చి నిలబెట్టిన ఘనత జార్జ్ స్ట్రైసింగర్‌ది. బుడాపెస్టులో పుట్టి అమెరికా చేరిన ఆయన ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. అంతకుముందు బాక్టీరియాను తినే వైరస్‌ల జన్యుశాస్త్రంలో పేరు తెచ్చుకున్నాడు. వెన్నెముక గల జీవిలో కూడా అంత నిశితంగా జన్యువులను పట్టుకోవాలన్న కోరికతో, 1960వ దశకం చివర్లో ఈ చేపను ఎంచుకున్నాడు. దశాబ్దానికి పైగా ఓపికగా శ్రమించి 1981లో తన పద్ధతిని 'నేచర్' పత్రికలో ప్రకటించాడు. 1984లో మరణించాడు. తాను వేసిన బాట ఎంత దూరం వెళ్ళిందో చూడలేకపోయాడు.

గుండెను చదవడానికి ఈ చేప అంత అనువుగా ఉండడానికి కారణాలున్నాయి. తల్లి కడుపులో కాకుండా బయట నీళ్ళలో దీని పిండం పెరుగుతుంది. గుడ్డు వ్యాసం సుమారు 0.7 మిల్లీమీటర్లు. పిండం గాజులా పారదర్శకం. అన్నిటికంటే ముఖ్యమైన కారణం మరొకటి. గుండె పనిచేయకపోతే ఎలుక పిండం గర్భంలోనే చనిపోతుంది. అప్పుడు లోపం ఎక్కడ మొదలైందో తెలుసుకునే వీలుండదు. జీబ్రాచేప పిండం చాలా చిన్నది కాబట్టి నీటిలోని ఆక్సిజన్ నేరుగా ఒంట్లోకి ఇంకుతుంది. గుండె కొట్టుకోకపోయినా కొన్ని రోజులపాటు బతికి పెరుగుతుంది. 'సైలెంట్ హార్ట్' అని పేరుపెట్టిన ఒక రకంలో గుండె ఒక్కసారి కూడా కొట్టుకోదు. అయినా పిండం పెరుగుతూనే ఉంటుంది. ఆ లోపం గుండె కండరంలోని ట్రోపోనిన్-టీ అనే ప్రోటీను జన్యువులో ఉందని 2002లో తేలింది. మనుషుల్లో కొన్ని రకాల గుండె కండర జబ్బులకు కారణమయ్యేదీ ఆ జన్యువే.

ఒక రాత్రి జరిగే పని

ఆ ప్రయాణం ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. ప్రయోగశాలలో పొద్దున దీపాలు వెలగగానే ఈ చేపలు గుడ్లు పెడతాయి. తొమ్మిది గంటలకు ఫలదీకరణ జరిగిందనుకొని, 28.5 డిగ్రీల వెచ్చదనంలో ఉన్న ఆ గుడ్లను గమనిస్తూ పోదాం. మధ్యాహ్నం రెండింటికి పిండం పచ్చసొన మీద టోపీలా కూర్చున్న కణాల గుంపు. భవిష్యత్తులో గుండె కాబోయే కణాలు అప్పటికే ఆ టోపీ అంచున, ఎడమ పక్క కొన్ని, కుడి పక్క కొన్ని ఉంటాయి. సాయంత్రం ఏడింటికి తల వైపు, తోక వైపు ఏదో తెలుస్తుంది. అర్ధరాత్రి దాటేసరికి మెదడు, కళ్ళు, వెన్ను వెంట కండరాల దిమ్మెలు కనబడతాయి. గుండె జాడ మాత్రం మామూలు వెలుతురులో కనబడదు.

అందుకే 2003లో తైవాన్ శాస్త్రవేత్తలు గుండె కండర కణాలు మాత్రమే ఆకుపచ్చగా మెరిసే చేపలను తయారు చేశారు. సముద్రపు జెల్లీచేప నుంచి తెచ్చిన మెరుపు ప్రోటీను అందుకు పనికొచ్చింది. ఆ మెరుపులో చూస్తే, అర్ధరాత్రి దాటాక తలకు కాస్త వెనక, నడిమిరేఖకు అటూ ఇటూ రెండు ఆకుపచ్చ పట్టీలు కనబడతాయి. అవి కదులుతుంటాయి. ఒక్కొక్క కణం తన దారిన తాను పోవడం ఉండదు. ఒకదాన్నొకటి పట్టుకుని, పల్చటి పొరగా, గుంపుగా నడుస్తాయి. తెల్లవారుజామున మూడింటి ప్రాంతంలో రెండు పట్టీలూ నడిమిరేఖ దగ్గర తాకుతాయి. ముందు వెనకభాగం కలుస్తుంది, ఆ తర్వాత ముందుభాగం. రెండూ కలిసి నడుమ ఖాళీ ఉన్న ఒక వలయం అవుతాయి. గుండె లోపొర కాబోయే కణాలు ఆ ఖాళీలో చేరి ఉంటాయి. వలయం ఎడమ పక్కకు ఒరిగి, సాగి, గొట్టంగా మారుతుంది. మర్నాడు ఉదయం తొమ్మిదిలోపే ఆ గొట్టం కొట్టుకోవడం మొదలుపెడుతుంది. ఇంకో రోజుకు అది వంపు తిరిగి కర్ణిక, జఠరికలుగా విడిపోయి, అందులో రక్తం పారుతూ ఉంటుంది.

ఇదంతా చూసినవారికి ఒక సంగతి అర్థమవుతుంది. గుండె మొదటి స్పందన కథకు ఆరంభం అనుకుంటాం. కణాల లెక్కన చూస్తే అది ఒక దీర్ఘ ప్రయాణానికి ముగింపు.

నేల లేక నిలిచిపోయిన నడక

1990వ దశకంలో జర్మనీలోని ట్యూబింగెన్‌లో క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్‌హార్డ్, అమెరికాలోని బోస్టన్‌లో వోల్ఫ్‌గాంగ్ డ్రీవర్, మార్క్ ఫిష్‌మన్ బృందాలు ఒక మహాయత్నం చేశాయి. మగ చేపల జన్యువుల్లో రసాయనంతో మార్పులు కలిగించి, వాటి సంతతిలో తోడబుట్టిన చేపలను జతకలిపి, మునిమనుమల తరంలో ఏ పిండంలో ఏ అవయవం దెబ్బతిందో కళ్ళతో వెతికాయి. ట్యూబింగెన్ బృందం 4,264 ఉత్పరివర్తనాలను గుర్తించింది. వాటిలో 1,163ను నిలుపుకుని పరిశీలించి, వీటిలో చాలావరకు 372 జన్యువుల్లో ఉన్నాయని తేల్చింది. రెండు చోట్ల ఫలితాలూ 1996 డిసెంబరులో 'డెవలప్‌మెంట్' పత్రిక ఒక్క సంచికలో 37 వ్యాసాలుగా వెలువడ్డాయి. జీవశాస్త్రంలో అలాంటి సంచికలు అరుదు.

ఆ పిండాల్లో కొన్నింటికి రెండు గుండెలున్నాయి. డిహాన్ కత్తితో కోసి కోడిపిండంలో చూపినది, ఇక్కడ ఏ కోతా లేకుండా, ఒక్క జన్యువు మార్పుతో జరిగింది. అలాంటి ఒక రకానికి 'మైల్స్ అపార్ట్' అని పేరు పెట్టారు. ఆ పిండంలో గుండె కణాలు పుట్టిన చోటే ఆగిపోతాయి. రెండు పక్కలా రెండు చిన్న గుండెలై, రెండూ కొట్టుకుంటాయి.

చూసిన ఎవరైనా ఈ కణాలకు నడక రాదనే అనుకుంటారు. డిడియే స్టేనియె బృందం ఆ ఊహను అలాగే వదిలెయ్యకుండా పరీక్షకు పెట్టింది. లోపమున్న పిండం నుంచి గుండె కాబోయే కణాలు తీసి ఆరోగ్యమైన పిండంలో నాటారు. అవి చక్కగా నడిచి నడిమిరేఖకు చేరాయి. ఆరోగ్యమైన కణాలను లోపమున్న పిండంలో నాటారు. అవి నడవలేకపోయాయి. 2000లో 'నేచర్' ప్రచురించిన ఈ ఫలితం గుండె గురించిన మన ఆలోచనను మార్చింది. కణం బాగుంది. దాని చుట్టూ ఉన్న చోటు బాగా లేదు. సాలూరు వారికి దీన్ని విడమరచి చెప్పనక్కర లేదు. లారీ కొత్తదైనా, డ్రైవరు ఎంత అనుభవం ఉన్నవాడైనా, ఘాట్ రోడ్డు వానకు కోసుకుపోతే బండి సుంకి దాటి కోరాపుట్ చేరదు. బండిని ఎంతసేపు విప్పి చూసినా లోపం దొరకదు.

ఆ రోడ్డు ఏమిటి? మైల్స్ అపార్ట్ జన్యువు స్ఫింగోసిన్-1-ఫాస్ఫేట్ అనే కొవ్వు సంబంధమైన సంకేత పదార్థాన్ని పట్టుకునే గ్రాహకానికి సంబంధించినదని తేలింది. అయితే ఆ సంకేతం ఎక్కడి నుంచి వస్తోంది? 'టూ ఆఫ్ హార్ట్స్' అనే మరో రకం జవాబు చెప్పింది. 2008, 2009లో వెలువడిన పరిశోధనల ప్రకారం దానిలో లోపించింది ఆ పదార్థాన్ని కణం నుంచి బయటికి పంపే ప్రోటీను. అది పనిచేయవలసిన చోటు గుండెలో లేదు. పచ్చసొనను అంటిపెట్టుకుని ఉండే పొరలో ఉంది. సంకేతం తయారవుతోంది, బయటికి రావడం లేదు. గుండె రెండుగా ఉండిపోవడానికి మూలం సొన అంచున ఉందని ఎవరు ఊహించగలరు!

గుండె కణాల కింద అంతస్త్వచం ఉంటుంది. ముందుముందు పేగు, కాలేయం అయ్యే పొర అది. 'కాసనోవా' అనే రకంలో ఆ పొరే ఏర్పడదు, గుండె రెండుగా మిగిలిపోతుంది. 'నాటర్' అనే రకంలో పొర ఉంది, కణాలు ఉన్నాయి, వాటి మధ్య పరుచుకోవలసిన ఫైబ్రోనెక్టిన్ అనే ప్రోటీను లేదు. గుండె కణాలు ఒకదానితో ఒకటి సరిగా అతుక్కుని పొరగా కట్టుబడాలంటే ఆ ప్రోటీను కావాలని 2004లో లీ త్రిన్, స్టేనియె చూపారు. పొర కట్టలేని కణాలు గుంపుగా నడవలేవు.

ఇవన్నీ నేల గురించి. దిశ సంగతి 2017లో డెబోరా యెలాన్ బృందం వెలికితెచ్చింది. కణాల మీద పీడీజీఎఫ్ అనే సంకేతాన్ని అందుకునే గ్రాహకం ఒకటి ఉంది. అది లోపించిన పిండాల్లో గుండె కణాలు కదులుతాయి, కాని నడిమిరేఖ వైపు తిరగవు. శక్తి ఉంది, దిశ లేదు. చేపలోనే కాకుండా ఎలుకలో కూడా ఈ సంకేతం గుండె కలయికకు అవసరమని ఆ పరిశోధన చూపింది.

ఒక హెచ్చరిక చేయడం నా బాధ్యత. చేప మనిషి కాదు. ఉదాహరణకు, సంకేతాన్ని బయటికి పంపే ఆ ప్రోటీను లేని ఎలుకల్లో గుండె మామూలుగానే ఏర్పడుతుంది. వాటికి తెల్లరక్తకణాల రాకపోకలు, వినికిడి దెబ్బతింటాయి. ఒకే పదార్థాన్ని వేర్వేరు జంతువులు వేర్వేరు పనులకు వాడుకుంటాయి. సూత్రాన్ని చేప నుంచి తీసుకోవాలి, వివరాన్ని ఒక్కొక్క జీవిలో విడిగా పరీక్షించాలి. అలా పరీక్షించి నిలిచిన పోలికలు కూడా ఉన్నాయి. టీబీఎక్స్5 అనే జన్యువులో మార్పు ఉన్న మనుషులకు చేతుల ఎముకల్లో, గుండెలో లోపాలు వస్తాయని 1997లో తెలిసింది. 2002లో జీబ్రాచేపలో ఆ జన్యువే దెబ్బతిన్న రకం దొరికింది. దానికి గుండె వంపు తిరగదు, మన చేతుల స్థానంలో ఉండే ముందు రెక్కలు మొలవవు. 2013లో పూర్తి జన్యుపటం వెలువడినప్పుడు, మానవ జన్యువుల్లో సుమారు 70 శాతానికి ఈ చేపలో సాటి జన్యువు ఉందని తేలింది.

తల్లికి తెలియని వారం

మనిషి గుండె కూడా జోడు పట్టీలుగా మొదలై నడుమ కలిసేదే. గర్భం దాల్చిన సుమారు 22వ రోజుకు అది కొట్టుకోవడం మొదలవుతుంది. అంటే ఈ ప్రయాణమంతా నాలుగో వారంలోపు, గర్భం వచ్చిందన్న సంగతి చాలామంది తల్లులకు ఇంకా తెలియని రోజుల్లోనే, చాలావరకు అయిపోతుంది. ఆ తర్వాతి నాలుగు వారాల్లో గోడలు, కవాటాలు ఏర్పడతాయి. పుట్టిన ప్రతి వెయ్యిమంది బిడ్డల్లో ఎనిమిది తొమ్మిదిమందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. గుండె పూర్తిగా రెండుగా చీలడం మనుషుల్లో అత్యంత అరుదు. మనకు తరచుగా కనబడేవి గోడల్లో రంధ్రాలు, ఇరుకైన కవాటాలు, తారుమారైన రక్తనాళాలు. వాటి వెనక కూడా సమయానికి సరైన చోటికి చేరని కణాల కథలు చాలా ఉన్నాయి.

మన సమాజంలో అలాంటి బిడ్డ పుడితే నింద ఎవరి మీద పడుతుందో ఈ సభలో ఉన్న ఆశా కార్యకర్తలకు నాకంటే బాగా తెలుసు. గ్రహణం నాడు బయటికి వచ్చిందనీ, చెప్పిన మాట వినలేదనీ, పూర్వజన్మ పాపమనీ తల్లినే అంటారు. జీబ్రాచేప పాఠం విన్నవారు ఆ మాట ఇక అనకూడదు. లోపాన్ని వెతకవలసిన చోటు తల్లి నడవడిక కాదు. పిండం పెరిగే పరిస్థితులను చూడాలి.

ఆ పరిస్థితుల్లో మనం మార్చగలిగినవి ఉన్నాయి. 1941లో ఆస్ట్రేలియా కంటివైద్యుడు నార్మన్ గ్రెగ్, గర్భం తొలి నెలల్లో రుబెల్లా సోకిన తల్లుల బిడ్డలకు కంటిశుక్లాలు, గుండెలోపాలు వస్తున్నాయని గుర్తించాడు. మన దేశంలో 2017 నుంచి తట్టుతో పాటు రుబెల్లాకు కూడా టీకా వేస్తున్నారు. గర్భానికి ముందే చక్కెర వ్యాధిని అదుపులో పెట్టుకోవడం, వైద్యుణ్ణి అడగకుండా మందులు వాడకపోవడం కూడా ఆ మొదటి వారాల నేలను కాపాడతాయి.

మేనరికం గురించి కూడా నిజాయితీగా మాట్లాడుకోవాలి. ట్యూబింగెన్‌లో తోడబుట్టిన చేపలను ఎందుకు జతకలిపారో గుర్తుచేసుకోండి. ఒక జన్యువులో దాగిన లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ వస్తేనే బయటపడుతుంది. దగ్గరి బంధువులు ఒకే లోపాన్ని మోస్తూ ఉండే అవకాశం ఎక్కువ. ఇద్దరూ మోస్తున్నప్పుడు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ముప్పు ఉంటుంది. తెలుగునాట ఈ విషయాన్ని శాస్త్రీయంగా చదివిన తొలివారిలో పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. ఆయన గురువు, జన్యుశాస్త్ర మహామహుడు జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో ఇంగ్లండు వదిలి మన దేశానికి వచ్చి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. వైద్యవిద్యార్థుల చదువు కోసం తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు ఇవ్వాలని రాసిపోయాడు. ఆ గురుశిష్యుల ప్రోత్సాహంతో ఆంధ్రదేశంలో మేనరికపు పెళ్ళిళ్ళ మీద 1960వ దశకంలోనే అధ్యయనాలు వెలువడ్డాయి. మేనరికం చేసుకున్నవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అలాంటి జంటల పిల్లల్లో అత్యధికులు ఆరోగ్యంగానే పుడతారు. మేనరికం లేని ఇళ్ళలో కూడా గుండెలోపాలు వస్తాయి. పెళ్ళి చేసే పెద్దలకు ఈ లెక్క తెలిసి ఉండాలి, నిర్ణయం తెలిసి తీసుకోవాలి. అంతవరకే నా మాట.

కొండ మీది బిడ్డకు దారి

బిడ్డ పుట్టాక ప్రయాణం మరోటి మొదలవుతుంది. ఈ మన్యంలో జాతాపులు, సవరలు, కొండదొరలు, గదబలు ఉండే ఊళ్ళలో నిండు గర్భిణిని డోలీలో మోసుకుని రోడ్డుకు తెచ్చే పరిస్థితి ఇంకా పోలేదు. వైద్యం ఏర్పాట్లు కాగితం మీద మనకు తక్కువేమీ లేవు. 2007లో ఆరోగ్యశ్రీ తొలివిడతగా మొదలైన మూడు జిల్లాల్లో మన పొరుగునున్న శ్రీకాకుళం ఒకటి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలందరినీ పుట్టుకతో వచ్చే లోపాల కోసం పరీక్షించాలంటోంది. 2021లో తిరుపతిలో పిల్లల గుండె చికిత్సకు ప్రత్యేకంగా శ్రీ పద్మావతి హృదయాలయం ప్రారంభమైంది. వైద్యుడు ఉన్నాడు, పథకం ఉంది. కొండ మీది బిడ్డకూ ఆ వైద్యుడికీ నడుమ నేల ఇంకా సిద్ధం కాలేదు.

ఆ నేలను సిద్ధం చేసే పని ఈ సభలోనే మొదలు పెట్టవచ్చు. పాలు తాగుతూ మధ్యలో ఆయాసపడి ఆగిపోయే బిడ్డ, పాలు తాగేటప్పుడు నుదుటికి చెమట పట్టే బిడ్డ, పెదవులు నీలిరంగుకు తిరిగే బిడ్డ, బరువు పెరగని బిడ్డ, మాటిమాటికీ నిమ్ము చేసే బిడ్డ: వీరిలో ఎవరు కనబడినా గుండె పరీక్ష చేయించాలి. పుట్టి ఒక రోజు గడిచాక కుడిచేతికీ ఒక కాలికీ చిన్న పరికరం తొడిగి రక్తంలో ఆక్సిజన్ చూస్తే, ప్రమాదకరమైన లోపాల్లో చాలావాటిని సూది గుచ్చకుండా పట్టుకోవచ్చు. 95 శాతానికి తగ్గినా, చేతికీ కాలికీ 3 శాతానికి మించి తేడా ఉన్నా మళ్ళీ పరీక్షించాలి. కాన్పులు జరిగే ప్రతి ఆరోగ్య కేంద్రంలో ఈ పరీక్ష అలవాటుగా జరగాలి.

ఇక విద్యార్థులకు ఒక మాట. ఢిల్లీలోని ఐజీఐబీ పరిశోధనా సంస్థ 2009లో అడవి జీబ్రాచేప పూర్తి జన్యుక్రమాన్ని వెలువరించింది. పుణెలోని అగార్కర్ పరిశోధనా సంస్థలో ఈ చేప గుండె మీద పరిశోధన జరుగుతోంది. మన హైదరాబాదులోని సీసీఎంబీలోనూ జీబ్రాచేప పిండాల మీద పని సాగుతోంది. ఈ చేప గుండెలో జఠరికను ఐదోవంతు దాకా కోసి తీసినా రెండు నెలల్లో మళ్ళీ పెరుగుతుందని 2002లో తెలిసింది. దెబ్బతిన్న మనిషి గుండెకు ఆ శక్తి ఎందుకు లేదన్న ప్రశ్న ఇంకా జవాబు కోసం ఎదురుచూస్తోంది. ఆ జవాబు చెప్పేవారు సవర ఊరి నుంచి రాకూడదని ఎక్కడా రాసిలేదు. ఈ చేపలకు గాజుతొట్టెలు, శుభ్రమైన నీరు, వేళకు వెలిగి ఆరే దీపం చాలు. పిండం గుండె కొట్టుకోవడం చూడటానికి కాలేజీ ప్రయోగశాలలో ఉండే సాధారణ మైక్రోస్కోపు చాలు. 2019లో మన ప్రాంతానికి వచ్చిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం, సాలూరు, పార్వతీపురం కళాశాలలు కలిసి, నిబంధనలకు లోబడి ఇలాంటి ఒక చిన్న ప్రయోగశాల పెట్టుకోవడం అసాధ్యం కాదు.

నా ప్రతిపాదనను సంగ్రహంగా చెప్పి సెలవు తీసుకుంటాను. గుండె ఒంటరిగా ఏర్పడే అవయవం కాదు. పక్క పొరల సాయంతో, పరిచిన నేల మీద, అందిన సంకేతం వెంట నడిచి వచ్చిన కణాల కలయిక అది. ఆ నడక ఆగినప్పుడు ముందు నేలను పరీక్షించాలని ఒక చిన్న చేప పిండం నిరూపించింది. గుండెలోపంతో పుట్టిన బిడ్డ తల్లిని నిందించడం ఈ రోజు నుంచి మానుకోవాలని ఇక్కడున్న పెద్దలను కోరుతున్నాను. పుట్టిన ప్రతి బిడ్డకూ ఆక్సిజన్ పరీక్ష జరిగేలా చూడమని ఆరోగ్య సిబ్బందిని కోరుతున్నాను. వచ్చే విద్యాసంవత్సరంలో కనీసం ఒక కళాశాలలో జీబ్రాచేపల తొట్టె ఏర్పాటు చేయమని మాస్టారి శిష్యులను కోరుతున్నాను. ఆయన పేరు నిలబెట్టడానికి ఇంతకంటే తగిన పని నాకు తోచలేదు.